అమ్మాయికి అరుదైన పేరు: వెతకడం నుంచి నమోదు దాకా

"పాప పుట్టింది, ఎవరికీ లేని మంచి పేరు ఒకటి చెప్పండి." తెలిసినవాళ్లలో నెలకొకరైనా నన్ను ఈ మాట అడుగుతారు. ఇప్పటిదాకా తోచిన పేరొకటి చెప్పి పంపేవాడిని. అది వాళ్ల ఇంటిపేరుతో కుదిరేది కాదు, లేదా నక్షత్రం అక్షరానికి సరిపోయేది కాదు, మళ్లీ ఫోను వచ్చేది. అందుకే ఈసారి వెతికే పద్ధతే రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. అరుదైన పేరు కావాలనగానే చాలామంది కొత్త పేరు తయారుచేయడానికి కూర్చుంటారు. అమ్మ పేరులో ఒక అక్షరం, నాన్న పేరులో ఒక అక్షరం, చివర 'విక' అనో 'న్షి' అనో తగిలిస్తారు. పక్క వీధిలోనూ అదే పని జరుగుతోంది, అందరూ చూసే పేర్ల జాబితాలూ అవే. పాప బడిలో చేరేసరికి ఆ తరగతిలో అలాంటి పేర్లే నలుగురికి ఉంటాయి. నిజంగా అరుదైనవి పాత మాటలు. నిఘంటువులో, నదుల పేర్లలో, రాగాల పేర్లలో, మీ నాయనమ్మ పేరులో ఉండి, ఈ ఇరవై ఏళ్లలో ఎవరూ ముట్టుకోనివి. వెతకాల్సింది అక్కడ.

కావలసినవి

- ఒక నోటుపుస్తకం. ఫోనులో రాసుకుంటే పేర్లు పక్కపక్కన కనబడవు, పోల్చి చూడడం కుదరదు.
- తెలుగు నిఘంటువు. శబ్దరత్నాకరం గానీ సూర్యరాయాంధ్ర నిఘంటువు గానీ ఇంట్లో లేకపోయినా ఫరవాలేదు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక మాట కొడితే చాలా నిఘంటువుల్లోని అర్థాలు ఒకేసారి కనబడతాయి. సంస్కృత పదాలకు తెలుగు తాత్పర్యమున్న అమరకోశం ఉంటే మరీ మంచిది.
- పరీక్షించడానికి ఏడెనిమిదేళ్ల పిల్లలు ఇద్దరు, డెబ్బై దాటిన పెద్దావిడ ఒకరు. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.
- కనీసం రెండు వారాల సమయం. బారసాల ముందురోజు రాత్రి కూర్చుంటే జాబితాలో మొదట కనబడిన పేరే పెట్టేస్తారు. ఏడో నెలలోనే మొదలుపెట్టడం ఉత్తమం.

1. ఇంటి షరతులు ముందే రాసుకోండి

నక్షత్రం అక్షరం పాటించాలా? పెద్దవాళ్ల పేరు కలవాలా? ఎన్ని అక్షరాలకు మించకూడదు? ఈ మూడూ ఇంట్లో అందరినీ అడిగి మొదటి పేజీలో రాయండి. పేరు నచ్చాక షరతులు బయటపడితే గొడవలు వస్తాయి.

నక్షత్రం విషయంలో చిక్కు ఎక్కడంటే, కొన్ని పాదాలకు పేరు దొరకదు. హస్తకు పూ, ష, ణ, ఠ. ఆర్ద్రకు కు, ఘ, ఙ, ఛ. ఙ, ణ, ఠ అక్షరాలతో అమ్మాయికి పెట్టదగిన మాటలే లేవు. ఇలాంటప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, ణకు బదులు న, ఙకు బదులు గ తీసుకోవచ్చా అని మీ పురోహితుణ్ని అడగడం. రెండోది, బియ్యంలో రాసే జన్మనామం ఒకటి, పిలిచే పేరు మరొకటి పెట్టుకోవడం. ఇది మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటే కాబట్టి పెద్దలు సాధారణంగా కాదనరు. అక్షరం కష్టంగా ఉందని వెంటనే వదిలేయకండి. ఝ వచ్చిందని దిగులుపడినవారికి 'ఝరి' ఉంది, సెలయేరు అని అర్థం. ఛ వచ్చినవారికి 'ఛాయ' ఉంది.

2. ఆరు చోట్ల వెతకండి

ఒక్కో చోటు నుంచి కనీసం ఐదు పేర్లు రాసుకోండి. ఇప్పుడే ఏదీ కొట్టేయవద్దు.

అచ్చ తెలుగు మాటలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. 'వెన్నెల' ఇప్పటికే చాలామందికి ఉంది. దాని పక్కనే ఉన్న మాటలను ఎవరూ చూడడం లేదు. తొలకరి, వేకువ, నెలవంక, తెమ్మెర (పిల్లగాలి), అలరు (పువ్వు), తలిరు (లేత చిగురు), విరి, మొల్ల. మొల్ల మల్లెజాతి పువ్వు, రామాయణం రాసిన కవయిత్రి పేరు కూడా. ఇంత చిన్న మాటలో పువ్వూ కవిత్వమూ రెండూ ఉన్నాయి. ఇలాంటి పేర్లు ఏ మతంవారికైనా సరిపోతాయి.

వెన్నెల, మబ్బు, మెరుపులకు ఉన్న సంస్కృత పేర్లు. అమరకోశంలో ఒక్కో వస్తువుకు వరుసగా పర్యాయపదాలు ఉంటాయి. చంద్రిక అందరికీ తెలుసు, కౌముదిని కొందరే పెట్టుకుంటారు. నిండు పున్నమి రాత్రికి 'రాక' అని పేరు. తెలుగులో అదే మాటకు రావడం అనే అర్థం కూడా ఉంది కదా, ఇంటికి వచ్చిన పాపకు ఇంతకంటే ఏం కావాలి? సన్నని నెలవంక లీలగా కనబడే అమావాస్యకు 'సినీవాలి' అని పేరు. మెరుపుకు సౌదామిని, మబ్బుల వరుసకు కాదంబిని, మంచుకు మిహిక.

నదులు. గంగ, యమున, గోదావరి, కావేరి దగ్గరే ఆగిపోకండి. మంజీర గోదావరికి ఉపనది. మంజీరమంటే కాలి అందె అని కూడా అర్థం. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అవుతాయి, ఆ పేరు అర్థం విడిగా చెప్పనక్కరలేదు. పెన్నకు పినాకిని అని మరో పేరు. వంశధార, నాగావళి, స్వర్ణముఖి, చిత్రావతి అన్నీ మన నేలమీద పారేవే. మీ ఊరి పక్క వాగు పేరు కూడా ఒకసారి కనుక్కోండి.

రాగాలు, ఛందస్సు. కల్యాణి, మోహన, రేవతి చాలామంది వాడారు. హంసధ్వని, ఆరభి, సావేరి, చారుకేశి, లతాంగి, హేమవతి ఇంకా తాజాగానే ఉన్నాయి. నీలాంబరి జోలపాటల రాగం, పసిపాపకు అంతకంటే తగిన పేరు నాకు తోచదు. పద్యాల పేర్లలో మాలిని, మంజరి, శిఖరిణి, తరళ ఉన్నాయి. రాగమైతే పేరు పెట్టే ముందు ఒకసారి విని చూడండి. ముఖారి అనగానే సంగీతం తెలిసినవారికి శోకమే గుర్తుకొస్తుంది.

కావ్య నాయికలు. వసుచరిత్రలో గిరిక, కళాపూర్ణోదయంలో మధురలాలస. పేరు నచ్చితే ఆ పాత్ర కథ కూడా చదవండి. పెద్దయ్యాక పాప మిమ్మల్ని మొదట అడిగేది ఆ కథే.

ముత్తవ్వలు. రెండు వైపులా నాలుగు తరాల ఆడవాళ్ల పేర్లు రాయించండి. ఈ పనికి ఆ ఇంటి పెద్దావిడ దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు. ఆ పేర్లు ఉన్నవి ఉన్నట్టు పెట్టనక్కరలేదు. 'అలమేలు'నే తీసుకోండి. అది తమిళంలోని 'అలర్‌మేల్' నుంచి వచ్చింది, పువ్వు మీద ఉన్నది అని అర్థం. పాపకు 'అలరు' అని పెడితే ముత్తవ్వ పేరు నిలుస్తుంది, పిలుపు కొత్తగా ఉంటుంది. కొన్ని ఇళ్లలో అత్తగారి పేరుతో పాపను కసురుకోవడానికి కోడలికి మనసొప్పదు. అలాంటి ఇళ్లకు కూడా ఇది అనువైన మార్గం.

3. అర్థం మీరే చూడండి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే, అందుకే ఈ మెట్టును కొంచెం వివరంగా రాస్తున్నాను.

పేర్ల జాబితాల్లో ప్రతి పేరు పక్కనా 'లక్ష్మీదేవి' అనో 'దేవుడి వరం' అనో ఉంటుంది. నమ్మవద్దు. నిఘంటువులో ఆ మాట ఉందా, అదే అర్థం ఉందా అని చూడండి. ఏ నిఘంటువులోనూ దొరకని పేరును పక్కన పెట్టేయండి. పెద్దయ్యాక "నా పేరుకు అర్థమేమిటి" అని పాప అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

చూడాల్సినవి ఇవి:

- దీర్ఘం. ఆలేఖ్యమంటే చిత్తరువు. దీర్ఘం తీసేసి 'అలేఖ్య' అంటే రాయడానికి వీలుకానిది. రెండో పేరు గలవారిలో చాలామందికి మొదటి అర్థం చెప్పి ఉంటారు.
- జారిపోయిన అక్షరం. జాహ్నవి అంటే జహ్నుమహర్షి కూతురు, గంగ. 'జాన్వి' అని రాస్తే ఆ హ పోతుంది, దానితో జహ్నువూ పోతాడు. 'ధృతి' అంటే ధైర్యం. 'ద్రితి' అంటే ఏమీ లేదు.
- వేరే భాష మీదుగా వచ్చిన అర్థం. హిందీలో 'ఆర్తి' అంటే హారతి. తెలుగులోనూ సంస్కృతంలోనూ ఆర్తి అంటే బాధ. మీ పాప తెలుగువారి మధ్య పెరుగుతుంటే ఇది పట్టించుకోవాల్సిన విషయం.
- కాలంతో మారిన అర్థం. 'సాని' ఒకప్పుడు గౌరవవాచకం, దొరసానిలో ఇంకా ఆ జాడ ఉంది. తర్వాత ఆ మాట అర్థం దిగజారింది. అందుకే కిన్నెరసాని నది పేరు నచ్చినవారికి నేను 'కిన్నెర' చాలంటాను. తంత్రీవాద్యం పేరుగా అది నిండుగానే ఉంది.
- ఊహించని అర్థం. 'వరూథిని' అంటే సేన. ఇది లోపం కాదు, నాకైతే ఇంకా నచ్చింది. అయితే తెలిసి పెట్టాలి. మనం మామూలుగా 'వరూధిని' అని రాస్తాం, మూలంలో ఉన్నది థ.

4. నోటితో పరీక్షించండి

కాగితం మీద అందంగా ఉన్న పేరు నోటికి వచ్చేసరికి మారిపోతుంది. మూడు పరీక్షలు చేయండి.

మొదటిది, కేక. వంటగదిలో నుంచి వీధి గుమ్మం దాకా వినబడేలా పిలవండి. తెలుగులో పిలిచేటప్పుడు చివరి అక్షరం సాగుతుంది: మంజీరా, ఝరీ, నీలాంబరీ. సాగినప్పుడు హాయిగా ఉందా? 'ఇల' అంటే భూమి, చక్కటి పేరు. సాగదీస్తే మాత్రం 'ఇలా' అవుతుంది. "ఇలా, ఇలా రా" అని రోజుకు పదిసార్లు అనడం మీకు ముద్దుగా అనిపిస్తే పెట్టండి, చిరాకనిపిస్తే వదిలేయండి.

రెండోది, కత్తిరింపు. నాలుగు అక్షరాల పేరును బడిలో రెండు అక్షరాలు చేస్తారు, ఎవరూ ఆపలేరు. మొదటి రెండు అక్షరాలు విడిగా చదవండి. ప్రాణహితలో ప్రాణ, హిత రెండూ బాగుంటాయి. హంసధ్వని హంస అవుతుంది. కాదంబిని మాత్రం 'కాదు' అయ్యే ప్రమాదం ఉంది. దానికి విరుగుడు ముద్దుపేరును మీరే ముందుగా స్థిరపరచి మొదటి రోజు నుంచే అలా పిలవడం. కాదంబినిని 'అంబి' అని పిలిస్తే ఆ పిలుపే నిలుస్తుంది.

మూడోది, పిల్లల చెవి. ఆ ఏడెనిమిదేళ్ల పిల్లలకు పేరు చెప్పి, దీనికి ప్రాస కట్టమనండి. పెద్దలకు తట్టనివి వాళ్లకు క్షణంలో తడతాయి. 'కాకలి' అంటే మెత్తని మధుర ధ్వని. పిల్లలకు వినబడేది కాకి, ఆకలి. 'వల్లకి' అంటే వీణ. పెద్దావిడ ముందు ఆ పేరు అనండి, వల్లకాడు గుర్తొచ్చి మొహం మాడ్చుకుంటుంది. ఇలాంటి పేర్లను ఎంత ఇష్టమైనా కొట్టేయాలి. వీణ కావాలంటే 'విపంచి' ఉంది.

ఒత్తులు కూడా చూసుకోండి. జ్యోత్స్న అర్థం వెన్నెలే, కానీ ఆ పేరును సరిగ్గా పలికేవారు పదిమందిలో ఇద్దరు. జీవితమంతా ఇతరుల ఉచ్చారణ దిద్దే పని పాపకు పెట్టకండి.

5. రెండు లిపుల్లో రాసి చూడండి

తెలుగులో ముచ్చటగా ఉన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లగానే గుర్తుపట్టలేనట్టు అవుతుంది. కల, కళ, కాల, కాళ నాలుగూ ఇంగ్లీషులో అవే నాలుగు అక్షరాలు. తరళలోని ళ బయటి రాష్ట్రంవారికి ల అవుతుంది. మనం తకు టీ పక్కన హెచ్ రాస్తాం, ఉత్తరాదివారు దాన్ని థ అని చదువుతారు.

పరీక్ష ఇలా చేయండి. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, అది ఏ పేరో తెలియని నలుగురికి ఫోనులో పంపండి. చదివి గొంతు రికార్డు చేసి పంపమనండి. నలుగురిలో ముగ్గురు సరిగ్గా పలికితే పేరు నిలిచినట్టే. ఇద్దరే పలికితే అక్షరక్రమం మార్చి మరో నలుగురికి పంపండి. అప్పటికీ కుదరకపోతే ఆ పేరుతో పాపకు ఇబ్బందే.

ఇంటిపేరుతో కలిపి ముందూ వెనకా రెండు విధాలా చదవండి. తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది, దరఖాస్తుల్లో తరచుగా వెనక్కి పోతుంది. ఇంటిపేరు 'నల్ల' అయితే 'వెన్నెల' పక్కన చేరగానే అర్థం తలకిందులవుతుంది.

సంఖ్యాశాస్త్రం నమ్మేవారికి ఒక హెచ్చరిక. అదనపు అక్షరాలు కలపాలనుకుంటే నమోదుకు ముందే కలపండి. జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో మరోలా, బడిలో ఇంకోలా ఉన్న పేర్లు దిద్దించడానికి తిరిగే తల్లిదండ్రులను చూస్తూనే ఉన్నాను.

6. నిజంగా అరుదైనదేనా?

ఇంటర్నెట్‌లో వెతికితే తేలదు. అక్కడ కనబడేవారిలో ఎక్కువమంది పెద్దవాళ్లు. మీకు కావలసింది ఐదేళ్లలోపు పిల్లల్లో ఆ పేరు ఎంతమందికి ఉందన్నది. అంగన్‌వాడీ టీచరును అడగండి. ఒకటో తరగతి చెప్పే టీచరు తెలిస్తే ఇంకా మంచిది, హాజరు పట్టీ ఆమెకు కంఠతా ఉంటుంది. టీకాల రోజున వరుసలో కూర్చుని పిలిచే పేర్లు వినండి. ముగ్గురు నలుగురిని అడిగినా ఆ పేరు గల పసిపిల్ల ఒక్కతే తగిలితే ఫరవాలేదు, నిశ్చింతగా పెట్టుకోండి. లోకంలో ఒక్కరికే ఉన్న పేరు కోసం పట్టుబడితే మళ్లీ కల్పించిన పేర్ల దగ్గరికే చేరతారు.

కొత్తగా ఆడిన సినిమాలో కథానాయిక పేరు అదే అయితే ఆగండి. మరుసటి ఏడాది ఆ పేరు ప్రతి వీధిలో వినబడుతుంది. అమ్మమ్మల కాలం పేరును "పాతది" అని కొట్టేయకండి. సుభద్ర, అలివేలు, వరూధిని ఈనాటి పసిపిల్లల్లో ఎంత అరుదో మీరే లెక్కించి చూడండి.

7. మిగిలిన మూడు పేర్లతో మూడు రోజులు

ఇప్పటికి మీ పుస్తకంలో మూడో నాలుగో పేర్లు మిగిలి ఉంటాయి. రోజుకొకటి చొప్పున ఇంట్లో ఆ పేరుతోనే పాపను పిలవండి. "మంజీర పాలు తాగిందా?" "మంజీర ఏడుస్తోంది." సాయంత్రానికి ఎవరి నోట ఆ పేరు అప్రయత్నంగా వస్తోందో, ఎవరు తప్పించుకుంటున్నారో తెలిసిపోతుంది. ఓట్లు వేయించకండి, ఓడిన పేరు చెప్పినవారికి మనసు నొచ్చుకుంటుంది. తుది మాట తల్లిదే అని నా అభిప్రాయం. ఆ పేరు అందరికంటే ఎక్కువసార్లు పిలిచేది ఆవిడే.

ఎవరికైనా మాట ఇచ్చి ఉంటే ఆ పేరును బారసాలలో రెండో పేరుగా చెప్పించండి.

8. నమోదు

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. పుట్టిన 21 రోజుల్లో జననాన్ని తెలియజేయాలి. ఆస్పత్రిలో పుడితే ఆ సమాచారం ఆస్పత్రే పంపుతుంది. ఆ రోజుకు పేరు ఉండి తీరాలని లేదు. పేరు గడి ఖాళీగా వదిలి నమోదు చేయించుకుని, తర్వాత చేర్చవచ్చు. 12 నెలల్లోపు అయితే రుసుము ఉండదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. అందుకే డిశ్చార్జి రోజున "పేరు ఏం రాయమంటారు" అని ఎవరైనా తొందరపెడితే తాత్కాలికంగా ఏదో ఒకటి చెప్పకండి. ఆ పేరే శాశ్వతమైపోతుంది. "తర్వాత చేరుస్తాం" అనండి.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికైనా, ఓటరు జాబితాకైనా, డ్రైవింగ్ లైసెన్సుకైనా పుట్టిన తేదీకి, స్థలానికి ఆధారం జనన ధ్రువపత్రమే. మిగతా పత్రాలన్నీ దీన్ని చూసే రాస్తారు.

పంచాయతీ లేదా మునిసిపల్ కార్యాలయానికి వెళ్లేటప్పుడు పేరును తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. నోటితో చెబితే ళ కాస్తా ల అవుతుంది, అరుదైన పేరైతే వాళ్లకు తెలిసిన మరో పేరే రాసేస్తారు. అచ్చు తీసే ముందు తెరమీద చూపించమని అడగండి. దీర్ఘాలు, ఒత్తులు, తల్లిదండ్రుల పేర్ల అక్షరక్రమం వేలు పెట్టి ఒక్కొక్కటీ చదవండి. తప్పుంటే అక్కడే నిలబడి దిద్దించుకోండి. పత్రం చేతికొచ్చాక దిద్దుబాటంటే మళ్లీ అర్జీ, మళ్లీ ఆధారాలు.